తడి వేళ్లు

రెండు వేల ఇరవై ఐదు, ఫిబ్రవరి ఇరవై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, కరీంనగర్‌లో, గోదావరి బేస్‌బాల్ లీగ్ అధ్యక్షులు శ్రీ కరుణాకర్‌రావు గారి రైసుమిల్లు మీది గదిలో విచారణ సమావేశం జరిగింది. హాజరైనవారు: అధ్యక్షులు, ఫిర్యాదు చేసిన ఆదిలాబాద్ జట్టు మేనేజరు శ్రీమతి తారాబాయి, ఫిర్యాదుకు గురైన కరీంనగర్ జట్టు పిచర్ నాగరాజు, అతని తరఫున అదే జట్టు క్యాచర్ బాలమల్లు, ఎవరూ పిలవకపోయినా వచ్చిన నాగరాజు తల్లి శంకరవ్వ, నియమావళి కార్యదర్శిగా నేను.

సమావేశపు రికార్డులో నేను రాసిన మొదటి పేరా అది. తర్వాత జరిగినదానిలో చాలా భాగం రికార్డులో ఇమిడేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా లీగ్ చిన్నది. కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్: నాలుగు జట్లు. ఏ పెద్ద సంఘానికీ అనుబంధం కాదు. చలి తగ్గే రోజుల్లో మొదలై ఉగాదికి ముందు ముగుస్తుంది. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడి మానేసినవాళ్లు, క్రికెట్‌లో చోటు దొరకనివాళ్లు, విసిరే చేయి ఉన్నా విసరడానికి చోటు లేనివాళ్లు ఇందులో జీతానికి ఆడతారు. విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో కరుణాకర్‌రావు సాఫ్ట్‌బాల్ ఆడేవాడు. హాస్టల్లో అతని గదిలోనే ఉన్న నేను కిటికీ పక్కన కూర్చొని చదువుకునేవాణ్ని. ముప్పై ఏళ్ల తర్వాత ఒకరోజు అతను మా ఇంటికి వచ్చి, ఆట నియమాల పుస్తకం నా బల్ల మీద పెట్టి, "ఇంట్ల కూసోని చదువుడే గదా పండితా నీ పని, ఇది జర చదువు" అన్నాడు. ఆ విధంగా నేను కార్యదర్శినయ్యాను.

నాగరాజు సిరిసిల్లవాడు. వాళ్లది మగ్గాల ఇల్లు. తండ్రి పోయాక పదిహేనో ఏట మరమగ్గాల షెడ్డులో చేరాడు. సిరిసిల్లలో వాటిని సాంచలంటారు. శంకరవ్వ అదే షెడ్డులో కండెలు చుట్టేది. రెండేళ్ల కిందట అతని బావ మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల పని చూసిపెట్టి టికెట్టు కొనబోతున్న వారంలోనే మా ఎంపిక పోటీలు జరిగాయి. నాగరాజు బంతి విసిరాడు, బాలమల్లు పట్టుకున్నాడు, పట్టుకున్న చేతిని విదిలించుకుంటూ "ఈడ్ని భివండికి పంపుతె పాపం తగుల్తది సార్" అన్నాడు. రెండు సీజన్లు అతను కరీంనగర్‌ను మోశాడు. మూడో సీజన్ చివర ఈ ఫిర్యాదు వచ్చింది.

ఫిర్యాదులోని విషయం సులభం. బంతిని ఉమ్మితో తడిపితే అది గాలిలో తోవ తప్పుతుంది. బ్యాట్ పట్టినవాడికి అందదు. అందుకని బంతి విసిరే పిచర్ వేళ్లు నోటికి తాకించి, తుడుచుకోకుండా బంతి పట్టకూడదు. తెలిసి చేసినవాడు లీగ్‌లో మళ్లీ ఎన్నడూ ఆడకూడదు. ముందురోజు ఆటను ఆదిలాబాద్ కుర్రవాళ్లు ఫోన్‌లో వీడియో తీశారు. అందులో నాగరాజు చూపుడు వేలు, బొటనవేలు కలిపి పెదవులకు తాకించడం, ఆ చేత్తోనే బంతి పట్టడం, ఒకటి రెండు సార్లు కాదు, ఆటంతా కనిపించింది.

తారాబాయి వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినావిడ. ఎవరితోనైనా బడి పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"నువ్ దొంగవని నేనంటలే బాబా. కని నా పోరగాళ్లు గీ వీడియో జూపెట్టి అడిగితె ఏం చెప్పాలె?"

నాగరాజు వీడియో చూశాడు. తన చేతిని ఎవరో దొంగిలించి వాడుకున్నట్టుగా చూశాడు.

"నేను పెట్టలే మేడం. అవ్వ మీద ఒట్టు."

"నా మీదెందుకు రా ఒట్టు?" అంది శంకరవ్వ. "నేనింక బతికేదున్నది."

కరుణాకర్‌రావు గొంతు సవరించుకొని నియమావళి తెరిచాడు. "పిచర్ తన వేళ్లను పెదవులకు గాని, నాలుకకు గాని..." అని గంభీరంగా చదివాడు. వాక్యం మధ్యలో పుట అయిపోయింది. బొటనవేలు నాలుకకు అద్దుకొని పుట తిప్పి, "...తాకించరాదు" అని ముగించాడు.



"రావుసాబ్," అంది తారాబాయి, "మీరు ఔట్."

ఆ నవ్వుల్లో గది తేలికపడింది గాని నాగరాజు నవ్వలేదు. తలుపు వైపు చూస్తున్నాడు. అతని కళ్ల ముందు భివండి బస్సు నిలబడి ఉందని మాకు తెలుసు.

అప్పుడు శంకరవ్వ లేచింది. "అమ్మా, నువ్ చదువుకున్నదానివి. పోగు తెగితె మావోళ్లు ఏం జేస్తరో నీకెర్కనా? ఎర్కలేకుంటె వచ్చి జూడు. బస్సు కిరాయి నేనే పెడ్త."

"బస్సెందుకు, రావుసాబ్ కారున్నది గద," అని తారాబాయి కూడా లేచింది.

మధ్యాహ్నానికి మేము సిరిసిల్లలో, రాయమల్లు అనే ఆసామి షెడ్డులో ఉన్నాం. ఆ చప్పుడులో మాట వినబడదు, సైగలే. ఒక పనివాణ్ని పక్కకు జరిపి నాగరాజు నాలుగు సాంచల మధ్య నిలబడ్డాడు. కాసేపటికి ఒకదానిలో పోగు తెగింది. అతను సాంచ ఆపి, వంగి, తెగిన కొసలు వెతికి పట్టి, వేళ్లు పెదవులకు అద్దుకొని, మెలిపెట్టి ముడి వేసి, మళ్లీ నడిపించాడు. రెప్పపాటు పని. తారాబాయి అతన్ని బయటికి తీసుకొచ్చింది.

"ఇప్పుడేం జేసినవ్?"

"పోగు అతికిన మేడం."

"వేలు ఏడ పెట్టినవ్?"

"ఏడ పెట్టలే."

అబద్ధం చెప్పేవాడి ముఖం కాదది. తారాబాయి గుమ్మంలో నిలబడి షెడ్డంతా చూసింది. ఆ వరుసలో ఒకడు, ఈ వరుసలో ఒకడు, తెల్లజుట్టు ముసలాయన ఒకడు: వంగడం, వేళ్లు పెదవులకు అద్దడం, ముడి, మళ్లీ నిటారుగా నిలబడడం. ఎవరూ తమ చేతుల వైపు చూసుకోవడం లేదు.

"ఇంతమంది దొంగల్ని నేనేడ పట్టుకోవాలె రావుసాబ్?" అంది.

అయినా ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. కారులో కూర్చున్నాక చెప్పింది: "వాడు తెల్వక చేసిండు, బరాబర్. కని తెల్వక తడిపినా బంతి తడుస్తది. పాపం అని ఇడిచిపెడ్తె అది ఆట గాదు." అందరూ ఒప్పుకున్న తీర్మానాన్ని నేను రాశాను: గతంలో జరిగినది మోసం కాదు, ఇకమీద మిగిలిన ఆటల్లో అదే పని మూడుసార్లు జరిగితే మాత్రం, తెలిసినా తెలియకపోయినా, నాగరాజు లీగ్‌లో ఉండడు.

మిగిలినవి రెండు ఆటలు: నిర్మల్‌తో ఒకటి, అది గెలిస్తే ఆదిలాబాద్‌లో, ఆదిలాబాద్‌తోనే, ఫైనల్.

పదేళ్ల అలవాటును వారంలో మాన్పించే బాధ్యత బాలమల్లు తలకెత్తుకున్నాడు. మొదటి రోజు సాధనలో పచ్చిమిరపకాయ చీల్చి నాగరాజు వేళ్లకు రుద్దాడు. నాగరాజు వేళ్లు నోటి దాకా పోలేదు. చెమట తుడుచుకోబోయి కంటికి పోయాయి. ఆ పూటంతా అతను బకెట్ పక్కన కూర్చున్నాడు. పైగా వేళ్లకు ఏది పూసినా అది బంతికి అంటుతుంది కనుక అదీ నియమ విరుద్ధమేనని నేను చెప్పవలసివచ్చింది.

"గీ మాట ముందుగాల చెప్తె ఏంబోయింది సార్?" అన్నాడు నాగరాజు, ఎర్రటి కన్నుతో.

శివరాత్రి వెళ్లిన ఆదివారం నిర్మల్‌లో ఆడాం. బాలమల్లు ప్రతి బంతికీ ముందు "చెయ్యి!" అని అరుస్తూనే ఉన్నాడు. ఒకసారి అంపైరుతో వాదిస్తూ అరవడం మరిచాడు. మొదటి తప్పు పడింది. ఇంకోసారి అరిచాడు గాని ప్రేక్షకుల డప్పుల్లో వినబడలేదు, రెండోది. కోచ్ నాగరాజును వెంటనే తీసి బయట కూర్చోబెట్టాడు. మిగతావాళ్లు ఎలాగో ఆ ఆట గెలిచారు.

తిరుగు ప్రయాణంలో నాగరాజు నా పక్క సీటులో, కుడి చేతిని తొడ కింద పెట్టుకొని కూర్చున్నాడు.

"సార్, గీ చెయ్యి నా మాట ఇంటలేదు."

పుస్తకాలు చదివినవాడు ఏదైనా చెబుతాడని అతను కొంతసేపు ఎదురుచూశాడు.

"ఆఖరి ఆటకు నన్ను దింపకుండ్రని కోచ్‌కు చెప్తా," అన్నాడు చివరికి. "ఆడకపోతె తప్పు పడది గదా. నౌకరీ ఉంటది."

అది తెలివైన మాటే. ఒక్క తప్పు మిగిలి ఉంది. ఆడకపోతే అది పడే వీలే లేదు. ముందు సీటులోని బాలమల్లు వెనక్కి తిరిగి అతన్ని చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు.

ఈ మాట శంకరవ్వకు ఎలా చేరిందో తెలియదు. మార్చి తొమ్మిదో తేదీ ఉదయం ఆదిలాబాద్ బస్సు కదిలే వేళకు ఆమె చిన్న గాజు సీసాతో వచ్చి ముందు సీటులో కూర్చుంది. సీసాలో ఆకుపచ్చని రసం.

"ఏందవ్వా అది?" అన్నాడు బాలమల్లు.

"యాపాకు. వీడు మూడేండ్లు నిండినా పాలు ఇడువలే. అందరు నవ్వుతుండ్రి. రొమ్ముకు యాపాకు పూసిన. ఒక్కటే రోజు ఏడ్చిండు, అంతె."

బస్సంతా గొల్లుమంది. నాగరాజు కిటికీలోంచి దూకేవాడిలా కనిపించాడు.

"చేతికి పూయద్దంట గద," అంది ఆమె నా వైపు తిరిగి. "పెదవులకు పూస్తె మీ బుక్కుల ఏమున్నది సార్?"

నియమావళిలో వేళ్లు, అరచేయి, గ్లౌజు, బట్టలు, టోపీ ఉన్నాయి. పెదవులు లేవు. రెండుసార్లు చూసి ఆ మాటే చెప్పాను.

దారిలో ఇచ్చోడలో టీకి ఆగాం. శంకరవ్వ కొడుకు గడ్డం పట్టుకొని, అంతమంది ఎదుట, వేలితో అతని పెదవులకు రసం పూసింది. తర్వాత అతను తాగిన టీ ఎలా ఉందో అతని ముఖమే చెప్పింది. "షుగర్ తక్కువైందా బావా?" అని బాలమల్లు, "నువ్ జర ముద్దు పెట్టుకొని చూడు" అని ఇంకొకడు. రోడ్డు పక్క బల్ల మీద కూర్చొని, ఇతరుల ఎగతాళి వింటూ, వాళ్ల బిస్కెట్లలో నాకూ రెండు వస్తే తింటూ ఉండడం ఈ లీగ్ నాకిచ్చిన అలవాటు. అంతకు ముందు ఏళ్ల తరబడి నేను ఒంటరిగానే టీ తాగాను. దీనికి కృతజ్ఞత ఎవరికి చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో తెలియక చెప్పలేదు. బస్సెక్కబోతూ నాగరాజు ఆగి, పెదవులు నాలుకతో తడుముకొని మొహం చిట్లించి, "ఆడ్త సార్" అన్నాడు.

మైదానంలో అంపైరు వాసన పట్టాడు. ఇదేమిటని నిలదీశాడు. నేను నియమావళి తెరిచే లోపలే ఎదుటి జట్టు నుంచి తారాబాయి వచ్చి సంగతంతా విని, "మా బడి ఆడపిల్లలు లిప్‌స్టిక్ పెట్టుకొని ఆడ్తె ఏ అంపైరూ అడగలే. ఈ పిల్లగాడు యాపాకు పెట్టుకున్నడు. కానియ్యుండ్రి" అంది.

నాగరాజు అలా విసరడం నేను ముందెన్నడూ చూడలేదు. చేయి లేస్తుంది, పెదవుల దగ్గర చేదు వాసనకు ఆగుతుంది, దిగుతుంది. ప్యాంటుకు తుడుచుకొని బంతి పట్టుకుంటాడు. ప్రతిసారీ ఒక చిన్న పోరు గెలిచి, ఆ తర్వాత రెండోది మొదలుపెడుతున్నాడు. చివరి ఇన్నింగ్స్‌కు కరీంనగర్ ఒక్క పరుగు ముందుంది.

ఎండ ముదిరింది. ఆ ఇన్నింగ్స్‌కు ముందు అతను మరిచిపోయి ముఖం కడుక్కున్నాడు. రసం పోయింది. శంకరవ్వ కంచె బయట సీసా పట్టుకొని లేచి నిలబడింది గాని లోపలికి రావడానికి వీల్లేదు. ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడు ఔటైతే ఆట ముగుస్తుంది. ఇద్దరు ఆదిలాబాద్ ఆటగాళ్లు పరుగు దారిలో ఉన్నారు. మంచి దెబ్బ ఒకటి పడితే ఇద్దరూ బయల్దేరిన చోటుకు, ఆట భాషలో ఇంటికి, చేరతారు, రెండు పరుగులు. బ్యాట్ పట్టుకొని వచ్చినవాడు కుమార్, ఆ జట్టులో బలమైనవాడు.

బంతి అప్పటికి బాగా దెబ్బలు తిన్నది. బేస్‌బాల్ తోలు మీద ఎర్ర దారపు కుట్టు ఉంటుంది. బాలమల్లు విసిరిన బంతిని నాగరాజు అందుకొని చూశాడు. నా బల్ల దగ్గరికి కూడా కనిపించింది: కుట్టు ఒకచోట తెగి, ఎర్ర పోగు కొస పైకి లేచి ఉంది.

తెగిన పోగు. అతను తల వంచాడు. చుట్టూ ఉన్న మైదానం అతనికి లేకుండా పోయింది. బొటనవేలు, చూపుడు వేలు కలిశాయి, చేయి లేచింది. బాలమల్లు ఆ క్షణాన ముఖం మీది రక్షణ ముసుగు సరిచేసుకుంటున్నాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"నాగరాజూ! చెయ్యి!"

ఆ కేక ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చింది. తారాబాయి తన జట్టు ముందు నిలబడి, బడి ఆవరణలో పిల్లవాణ్ని ఆపినట్టు, అరచేయి పైకెత్తి ఉంది.

వేళ్లు పెదవులకు జానెడు దూరంలో ఆగాయి. నాగరాజు తన చేతిని చూసుకున్నాడు. బహుశా ఆ కదలిక మధ్యలో దాన్ని అతను పట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి. మెల్లగా దించి, బంతిని అంపైరుకు చూపించి, "కుట్టు తెగింది సార్, ఇంకోటియ్యుండ్రి" అన్నాడు.

కొత్త బంతి వచ్చింది. విసిరాడు. మంచి బంతే. కుమార్ దాన్ని ఎడమవైపు కంచె దాకా కొట్టాడు. ఇద్దరూ ఇంటికి చేరారు. ఆదిలాబాద్ గెలిచింది.

గెలుపు గోలలోనే ఒక కుర్రవాడు తారాబాయిని అడగడం వినబడింది: "మేడం, మీరెవరి దిక్కు?"

"మీ దిక్కే రా. కప్పు ఎవరి చేతుల ఉన్నది?"

"వాడు వేలు పెడ్తుండె గద! ఆటల్నే లేకుండ పోతుండె!"

"అప్పుడు కుమార్ ఎవర్ని కొడుతుండె? పో, నీళ్లు తాగు."

శంకరవ్వ మైదానం దాటి వచ్చి తారాబాయి రెండు చేతులూ పట్టుకుంది.

"ఓడిపోయిండు గదవ్వా," అంది తారాబాయి.

"ఓడిపోతె ఏమాయె. రేపు మళ్ల ఆడ్తడు. నువ్ కేకెయ్యకుంటె రేపు భివండి బస్సే."

"ఫిర్యాదు పెట్టింది గూడ నేనే. మర్చిపోయినవా?"

"యాద్ ఉన్నది. నువ్ పెట్టినంకనే గద వానికి వాని చెయ్యి కండ్లవడ్డది."

నాగరాజు కొంచెం వెనక నిలబడి ఉన్నాడు. ముందుకు వచ్చి వంగి తారాబాయి కాళ్లు మొక్కబోతే ఆమె అతని భుజం పట్టి లేపింది. "ఆటగాడు నేల మొక్కాలె, మనుషుల్ని కాదు," అంది. అతను వంగి మైదానం మట్టి తాకి కళ్లకద్దుకున్నాడు. అప్పుడు గాని అతను ఏడవడం మేము చూడలేదు.

ఆ సాయంత్రమే, జనం పోయాక, నా బల్ల మీదే కరుణాకర్‌రావు వచ్చే సీజన్ ఒప్పంద పత్రం పెట్టాడు. సాక్షి సంతకానికి కరీంనగర్ వాళ్లెవరైనా చాలు. నాగరాజు మాత్రం "తారాబాయి మేడం పెడ్తె మంచిగుంటది సార్" అన్నాడు. ఆమె కళ్లద్దాలు వెతుక్కొని వచ్చింది.

పత్రం రెండు పుటలు. మొదటిది చదివి నాగరాజు తిప్పబోయాడు. అందరి చూపూ అతని వేళ్ల మీదే. అతను అది గమనించి, చేయి ప్యాంటుకు తుడుచుకొని, పుట కొసను నోటితో ఊది లేపి, తిప్పాడు. బాలమల్లు చప్పట్లు కొట్టాడు. తర్వాత కరుణాకర్‌రావు పత్రం తన వైపు లాక్కొని, ఎప్పటిలాగే బొటనవేలు నాలుకకు అద్దుకున్నాడు.

"సార్‌కు గూడ జర పూయాల్నా?" అని శంకరవ్వ సీసా తీసింది.

నవ్వు ఆగాక ఒక్కొక్కరూ సంతకం చేశారు: అధ్యక్షుడు, నాగరాజు, సాక్షిగా తారాబాయి, చివర నేను. సిరా ఆరేదాకా శంకరవ్వ కాగితాన్ని గాలికి పట్టుకొని నిలబడింది. నాలుగు మడతలు పెట్టి, ఆకు వక్క సంచి లోపలి అరలో, సున్నం తగలకుండా చూసుకొని పెట్టి, తాడు బిగించి నడుముకు దోపుకుంది.